గోడవార పెంటదిబ్బ

పెళ్ళయి అత్తగారింటికొచ్చిన మూడో రోజున మా అత్తయ్య నా చేతికి పేడగంప ఇచ్చింది. కోపంతో కాదు, కోడల్ని లొంగదీద్దామనీ కాదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళ పని పొద్దున్నే అక్కణ్ణించి మొదలవుద్ది, అంతే.

నాది నరసరావుపేట. మా నాన్న గుమాస్తా. మా ఇంట్లో చెత్తంటే వీధి చివర పారబోసి చేతులు కడుక్కునేదే. పదోతరగతి పాసై, ఏడాది పాటు టైపు నేర్చుకుని, ఎనభైల నడుమ బొల్లాపల్లి వైపు ఒక మెట్టపొలాల ఊరికి కోడలినయ్యాను. అప్పటికి ఆ ఊళ్ళో పత్తి కొత్త. అంతకుముందంతా జొన్న, కంది, వేరుశనగ.

నేను వెళ్ళేసరికి రోహిణి కార్తె. ఎండకి నాపరాళ్ళు కాలిపోతున్నాయి. ఇంటి వెనక, పక్కింటికీ మాకూ మధ్య నిలువునా పాతిన నాపరాళ్ళ గోడ ఉండేది, నడుమెత్తు. ఆ గోడవారనే మా పెంటదిబ్బ. ఏడాదంతా పోగేసిన దిబ్బని ఆ వారమే తవ్వి బండ్లతో పొలానికి తోలుతున్నారు. మామయ్య, మా ఆయన, ఇద్దరు కూలోళ్ళు పారలతో పట్టారు. పైన ఎండిన చొప్ప, ఊడ్పు. కొంచెం కిందికెళితే గోధుమరంగు. అడుగుకి పోయేసరికి నల్లగా, పొడిపొడిగా మట్టి.

అత్తయ్య ఆ మట్టి గుప్పెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. నేను వెనక్కి జరిగాను.

"వాసన చూడవే. ఇది పేడలాగుందా?"

భయంభయంగా చూశాను. పేడ వాసన లేదు. తొలివానకి తడిసిన నేల వాసన వచ్చింది.

"ఏడాది పట్టుద్ది ఇది ఇట్టా అవటానికి. తొందరపడితే అవదు," అంది.

మృగశిర కార్తెలో వానపడ్డాక ఖాళీ గుంటలో కొత్త దిబ్బ మొదలైంది. ఆ ఏడు దిబ్బ నాది అన్నది అత్తయ్య. గొడ్లసావిట్లో ఊడ్చిన కసువు, పశువుల మూత్రంలో నానిన చొప్ప, పేడ, పొయ్యిలో బూడిద, కూరగాయల తొక్కలు, వేరుశనగ పొట్టు. ఒక వరస పచ్చిది పడితే ఒక వరస ఎండుది పడాలి. వానాకాలం చుట్టూ మట్టికట్ట వెయ్యాలి, లేకపోతే సారమంతా నల్లనీళ్ళయి వీధిలోకి పోద్ది. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒక్కటే. గాజుపెంకు, మేకు, బ్లేడు ముక్క, ఏదీ దిబ్బలో పడకూడదు.

"దిబ్బలో ఏం పడేస్తే అది పొలానికి పోద్ది. ఆ పొలంలో వట్టికాళ్ళతో తిరిగేది మనమే," అనేది.

గాజు పగిలితే ముక్కలు ఏరి కాగితంలో చుట్టి చూరులో దోపడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

గోడవతల ఒక ముస్లింల కుటుంబం ఉండేది. ఆయన ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఇంజను ఆగిపోతే ఆయన కోసమే మనిషిని పంపేవాళ్ళు. ఆమెకి ముప్పయ్యేళ్ళుంటాయి. ఒక్కతే కూతురు, ఆరేళ్ళ పిల్ల. మా అత్తయ్యని ఆమె "అక్కా" అనేది కాబట్టి వరసకి నాకు అత్త కావాలి. కాని అప్పటికే ఒక అత్త ఉందని నేను "పిన్నీ" అన్నాను. ఆమె నవ్వి సరేనంది.

వాళ్ళకి పొలం లేదు, నాలుగు మేకలుండేవి. పొద్దున్నే మేకల పెంటిక, పొయ్యి బూడిద గంపకెత్తి గోడ మీద పెట్టేది. నేనందుకుని దిబ్బ మీద చల్లేదాన్ని. మేకల పెంటిక పడితే దిబ్బ బాగా కాగుద్దని అత్తయ్యకి ఆ గంపంటే ఇష్టం. ఖాళీ గంపతో పాటు చెంబెడు మజ్జిగ అటు వెళ్ళేది. ఎవరూ లెక్క చూసుకున్నది లేదు.

శ్రావణంలో నాకు నెల తప్పింది. వేవిళ్ళు మామూలుగా రాలేదు. పేడ వాసన వస్తే చాలు, పేగులు నోట్లోకొచ్చేవి. అత్తయ్య పొలం వెళ్ళాక నేను గంప పక్కన కూలబడిపోతే, పిన్ని గోడ దాటి వచ్చి సావిడంతా ఊడ్చి గంపలు మోసేది.

"మీ అత్తకి చెప్పబాకు. నువ్వే ఎత్తావనుకోనీ," అనేది.

ఒకరోజు ఉప్పూకారం వేసి నూరిన చింతకాయ పచ్చడి ఆకులో పెట్టి తెచ్చిచ్చింది. వారం రోజుల తర్వాత ఆ పూట నాకు అన్నం దిగింది.

ఆ ఏడు మా ఆయన మూడెకరాల్లో పత్తి పెట్టాడు. పత్తితో పాటు మందులొచ్చాయి. సావిడి చూరు కింద డబ్బాలు, సంచులు. వాటి మీద పుర్రె బొమ్మ. గుళికల మందుకి ఒక వాసనుండేది. కుళ్ళిన వెల్లుల్లిని ఎండలో పెట్టినట్టు. ఆ వాసన ఒకసారి తెలిస్తే మళ్ళీ మర్చిపోయేది కాదు. మా ఆయన వాటిని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు.

కార్తీకంలో ఒక పొద్దున, వారం రోజుల పని మీద వినుకొండ వెళుతూ చెప్పాడు. "సగం సంచి గుళికలు చెమ్మ తగిలి గడ్డకట్టినయ్. పనికిరావు. సావిడి వెనక పెట్టా. నాన్నకి చెప్పు, వాగు గట్టు మీద లోతుగా పాతిపెట్టమను. వాన పడే లోపల."

నేను మామయ్యకి చెప్పడం మర్చిపోయాను. నాకు గుర్తొచ్చేసరికి ఆయనా అత్తయ్యా ఇద్దరూ పొలం వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి తూర్పున మబ్బు కమ్మింది. తుఫానుందని ఎవరి ఇంట్లోనో రేడియో చెబుతోంది. వాగు మా ఇంటికి మైలు పైనే. నాకు నాలుగో నెల. చినుకులు మొదలయ్యాయి.

కొంగు ముక్కుకి చుట్టుకుని, కర్రతో ఆ సంచిని ఈడ్చుకొచ్చి, దిబ్బలో గోడ పక్కన మోచేతి లోతు గుంట చేసి అందులో తోసేశాను. పైన చొప్ప, చొప్ప మీద పేడ, పేడ మీద బూడిద వేశాను. వాన వెలిశాక మామయ్యకి చెప్పి తీయించొచ్చు అనుకున్నాను. ఆ మాట నిజంగానే అనుకున్నాను. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

వాన మూడు రోజులు కురిసింది.

రెండో రోజు అత్తయ్యకీ పిన్నికీ మాటామాటా వచ్చింది. నీళ్ళకి దిబ్బలో ఎలుకల బొరియలన్నీ మునిగి, ఎలుకలు వాళ్ళింట్లో పడ్డాయి. బియ్యం సంచి కొరికాయి. నిద్రలో పిల్ల కాలి వేలు కొరికితే రక్తమొచ్చింది. పిన్ని వానలోనే గోడ దగ్గరికొచ్చి అరిచింది.

"మీ దిబ్బ మాకేం తెచ్చిందో చూడక్కా! ఇంకో పక్కకి జరుపుకోండి దాన్ని."

"ఎప్పుడో మా మామగారి నాటి దిబ్బ. ఇయ్యాల నీకు అడ్డమొచ్చిందా?"

"నా పిల్ల కాలు కొరికినయ్! ఊరుకోను. మందు పెడతా ఇయ్యాలే!"

ఆ మాట వీధిలో నలుగురు విన్నారు. ఆ సాయంత్రం పిన్ని ఎలకల మందు కలిపిన పిండి ఉండలు తన వైపు గోడ వెంబడి పెట్టింది.

మూడో రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. అత్తయ్య సావిట్లో తడి తోడిపోస్తూ, గేదెని బయట కట్టెయ్యమంది. రెండో ఈత గేదె, పాలకి మంచిది, నెమ్మదైంది. నేను పలుపు విప్పి నడిపిస్తుంటే అది దిబ్బ పక్కన ఆగింది. మట్టికట్ట ఒకచోట తెగి, నల్లనీళ్ళు కారి, గోడవారన చిన్న మడుగు కట్టింది. గేదె తల వంచి తాగింది. నేను పలుపు లాగాను. అది కదల్లేదు. నాలుగు గుక్కలు తాగాక తనే తల ఎత్తింది.

అప్పుడొచ్చింది నాకా వాసన. వెల్లుల్లి వాసన.

గంటలోపల గేదె నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ కారడం మొదలైంది. తొడలు వణికాయి. పడిపోయింది. మామయ్య చింతపండు నీళ్ళు పట్టాడు, ఎవరో మజ్జిగ పట్టమన్నారు. ఇంటి నిండా జనం. పిన్ని కూడా గోడ దూకి వచ్చి గేదె తల ఒళ్ళో పెట్టుకుని దాని నోరు తుడుస్తోంది. పశువుల ఆస్పత్రి కాంపౌండరు సైకిలేసుకొని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే అది చచ్చిపోయింది. ఆయన కనురెప్పలెత్తి చూసి, "విషం పోయింది లోపలికి," అన్నాడు.

అందరూ గేదె చుట్టూ ఉన్నప్పుడు నేనేం చేశానో చెప్పాలి. నేను వెనక్కి వెళ్ళాను. పార తీసుకుని ఆ మడుగులో బూడిద పోశాను, మట్టి లాగాను, తెగిన కట్ట మళ్ళీ వేశాను. పైన రెండు తట్టల చొప్ప కప్పాను. ఆ పని మాత్రం శుభ్రంగా చేశాను. అత్తయ్య నేర్పినట్టే.

నేను తిరిగొచ్చేసరికి ఎవరో పిన్ని వైపు చూసి, "నిన్న మందు పెడతానంది గదా," అన్నారు.

పిన్ని ముఖంలో నెత్తురు లేదు. "ఉండలు మా వైపు పెట్టా. గోడకి ఇవతల పెట్టలేదు," అంది.

"ఎలక నోట కరుచుకొని ఇటు తెచ్చుండొచ్చు. గేదె మేతలో పడుండొచ్చు."

"తెలిసే చేసిందేమో, ఎవరికి తెలుసు?"

అత్తయ్య గేదె పక్కన కూర్చుని ఉంది. అప్పటిదాకా ఏడవలేదు. పిన్ని ఒళ్ళోంచి గేదె తల తనే పక్కకి తీసి, "పోవే మా ఇంట్లోంచి," అంది.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు.

నాలుగు రోజులకి పాలకేంద్రం ముందు పెద్దమనుషులు కూర్చున్నారు. పిన్ని, వాళ్ళాయన ఒక పక్క. మేము ఒక పక్క. మామయ్య తప్పు కట్టమని అడగలేదు. అత్తయ్య మాత్రం లేచి, "నాకేమీ వద్దు. మందు పెట్టానని ఒప్పుకుంటే చాలు," అంది.

పిన్ని పిల్లని ముందుకి లాక్కుని తలమీద చెయ్యి పెట్టింది. "నా పిల్ల మీద ఒట్టు. నా మందు వల్ల ఆ గొడ్డు పోలా." చెప్పేటప్పుడు గొంతు తడబడింది. ఆ తడబాటు అందరూ చూశారు. తప్పు చేసింది కాబట్టే తడబడిందని అనుకున్నారు.

ఎవరూ తీర్పు చెప్పలేదు. అలా అని ఎవరూ వాళ్ళని వదల్లేదు కూడా. ఆయన్ని ఇంజన్లకి పిలవడం తగ్గించారు. పాలు పోసేవాళ్ళు వాళ్ళింటికి పొయ్యడం మానేశారు. పిల్లని ఆటల్లోకి రానివ్వలేదు. గోడ మీదకి గంప రావడం ఆగిపోయింది. పిన్ని మేకల పెంటిక తన పెరట్లోనే ఒక మూల కుప్ప పోసుకుంది. ఆ కుప్పతో ఆమెకి పనేముంది, పొలమే లేనప్పుడు?

మా ఆయన వినుకొండ నుంచి వచ్చిన రోజే సంచి గురించి అడిగాడు. "మామయ్య పాతిపెట్టాడు," అన్నాను. ఆయన మామయ్యని అడగలేదు. అంత సులువుగా అయిపోయింది.

చలికాలం వచ్చింది. పొద్దున్నే దిబ్బ మీద ఆవిరి లేస్తుంది. అత్తయ్య గునపం తెచ్చి దిబ్బలో గుచ్చి, కాసేపాగి బయటికి లాగి పట్టుకుని చూసేది. గునపం వేడిగా ఉంటే లోపల బాగా కాగుతున్నట్టు. ఒకరోజు గోడవైపు గుచ్చి తీసి, నా చేతికిచ్చింది.

"ఈ పక్క చల్లగా ఉందేందే? చొప్ప చొప్పలాగే ఉంది. పురుగూ లేదు పుట్రా లేదు. ఏమైంది దీనికి?"

"నీళ్ళెక్కువయ్యాయేమో అత్తయ్యా," అన్నాను.

దిబ్బ మీద దానంతటదే మొలిచిన గుమ్మడిపాదు ఒకటుండేది. రెండు కాయలు పడ్డాయి. ఒకటి కోసి వండమంది అత్తయ్య. నేను ఆ మధ్యాహ్నమే పాదు వేళ్ళతో సహా పీకి, కాయలు రెండూ పగలగొట్టి రోడ్డవతల ముళ్ళకంపలో పారేశాను. పాదు ఏ పశువో తొక్కేసిందని చెప్పాను. అబద్ధాలు ఒకదాని వెనక ఒకటి చెబుతూనే ఉన్నాను. కడుపులో బిడ్డ కదలడం మొదలైంది అప్పుడే. అది కదిలినప్పుడల్లా నాకు సంతోషం రావాల్సింది, భయమేసేది.

సంక్రాంతి పండగ వెళ్ళిన వారానికి పిన్నీవాళ్ళు ఊరు వదిలారు. సాగర్ డ్యాం దగ్గర విజయపురి సౌత్‌లో ఆయన అన్న షెడ్డు పెట్టుకున్నాడట, అక్కడికి. సామానంతా ఒక్క బండికే సరిపోయింది. మేకలు అంతకుముందే అమ్మేశారు. నేను పెరట్లో ఉన్నాను. పిన్ని గోడ దగ్గరికొచ్చింది. చెప్పడానికి అదే సమయం అని నాకు తెలుసు. తల వంచుకుని చొప్ప సర్దుతూ ఉండిపోయాను.

"అమ్మాయ్, ఏడో నెల గదా. బరువులెత్తబాకు. కాన్పుకి జాగర్త," అంది. అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నుంచి నాకు అన్నం సయించలేదు. నన్ను కాన్పుకి తీసుకెళ్ళడానికి మా నాన్న మాఘంలో వస్తానని ఉత్తరం రాశాడు. నేను వెళ్ళిపోతే వేసవిలో దిబ్బ తవ్వుతారు. కూలోళ్ళ పారకి సంచి తగులుద్ది. లేదా తగలకుండానే గుళికలన్నీ మట్టిలో కలిసి పొలానికి పోతాయి. రెండూ నాకు భయమే. ఏ భయం ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

నాన్న రావడానికి రెండు రోజుల ముందు, అత్తయ్య వెనక అరుగు మీద కునుకు తీస్తుంటే గునపం తీసుకుని దిబ్బ ఎక్కాను. నాలుగు పోట్లు వేసేసరికి ఆయాసమొచ్చి మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. చేతులతో తవ్వడం మొదలుపెట్టాను.

"ఏం వెతుకుతన్నావే?"

అత్తయ్య గోడకానుకుని నిలబడి ఉంది. ఎంతసేపయిందో తెలీదు.

చెప్పాను. సంచి సంగతి, మడుగు సంగతి, బూడిద పోసిన సంగతి, గుమ్మడికాయల సంగతి కూడా. ఏడుస్తూ చెప్పలేదు. ఏడుపు రాలేదు.

ఆమె నన్ను కిందికి దింపి, తనే పార తీసుకుని తవ్వింది. రెండు కాళ్ళ మధ్య చొప్ప పక్కకి లాగుతూ, పావుగంటలో సంచి కొస పట్టుకుంది. సగం గుళికలు కరిగిపోయాయి. మిగిలినవి నల్లగా పేడతో కలిసి ఉన్నాయి. వాసన మాత్రం పోలేదు.

"దీంతోనే గొడ్డు పోయిందని నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. అది నీళ్ళు తాగినప్పుడే."

"ఆమె ఒట్టు పెట్టినప్పుడు నువ్వు నా పక్కనే నిలబడ్డావు."

"అవునత్తయ్యా."

ఆమె సంచిని పారతో పక్కకి లాగిపెట్టింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "కాన్పయి రా," అంది చివరికి. "అప్పటిదాకా ఈ మాట ఎవరి దగ్గరా అనబాకు. నీ మొగుడి దగ్గర గూడా."

ఆ సాయంత్రం ఆమె అన్నం తినలేదు. మామయ్య అడిగితే, ఒంట్లో బాలేదంది.

నరసరావుపేటలో చైత్రంలో నాకు ఆడపిల్ల పుట్టింది. అయిదో నెల వచ్చాక, భాద్రపదంలో తిరిగి అత్తగారింటికొచ్చాను. దిబ్బ ఉన్న చోట నేల చదునుగా ఉంది. పెరటికి రెండో వైపు, గోడకి దూరంగా కొత్త గుంట తవ్వి ఉంది. మామయ్య సంగతి చెప్పాడు.

"మీ అత్తకి ఏం పట్టిందో తెలీదమ్మా. బండెడు ఎరువు గూడా పొలానికి తోలనియ్యలా. మొత్తం నాపరాళ్ళు తవ్వి వదిలేసిన పాత గుంటలో పోయించి, పైన మట్టి కప్పించింది. ఊళ్ళో అందరూ పిచ్చిదన్నారు. ఈ ఏడు కందికి ఎరువే లేదు."

అత్తయ్య బిడ్డని ఒళ్ళోకి తీసుకుని నూనె రాస్తూ, నా వైపు చూడకుండా అంది. "ఎల్లుండి సాగర్ పోయొద్దాం. పిల్లని గూడా తీసుకో. పాలు మరవని పిల్ల."

వినుకొండ వెళ్ళి, అక్కణ్ణించి మాచర్ల బస్సు, మాచర్లలో ఇంకో బస్సు. విజయపురి సౌత్‌లో బస్టాండు దగ్గర షెడ్డు కనుక్కోవడం కష్టం కాలేదు. షెడ్డు వెనక రేకుల గది. పిన్ని గుమ్మంలో కూర్చుని బియ్యం చేటలో పోసి రాళ్ళు ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. కూర్చోమనీ అనలేదు. పిల్ల లోపల మంచం మీద పడుకుని ఉంది, ఎముకలు తేలిపోయి.

"చెప్పు," అంది అత్తయ్య నాతో.

నిలబడే చెప్పాను. పిన్ని చేతులు చేటలోనే ఆగిపోయాయి.

"నేనే చంపాననుకున్నా," అంది.

మాకర్థం కాలేదు.

"నా ఉండలే తిన్నదేమో అనుకున్నా. పెట్టినవి పది. తెల్లారి చూస్తే రెండున్నయ్. మిగతావి ఎలకలే తిన్నయ్యో, మీ వైపు పోయినయ్యో నాకేం తెలుసు? తెలీకుండానే పిల్ల మీద ఒట్టేశా. అందరి ముందూ ఇంకేం అనను? ఇక్కడికొచ్చినాక దీనికి జొరం పట్టుకుంది. తగ్గుద్ది, మళ్ళీ వస్తది. ఆస్పత్రిలో మందులిచ్చారు. ఎన్ని మందులిచ్చినా నా మనసులో ఒకటే. దొంగ ఒట్టు వేశా, అది పిల్లకి కొడతంది అని." కొంగు నోట్లో కుక్కుకుంది. "పది నెలలు. పది నెలలు నేను నిద్రపోలా అమ్మాయ్."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆమె నన్ను లేపలేదు, తొయ్యలేదు.

అత్తయ్య అప్పటికి గొంతు విప్పింది. "నేనే నిన్ను మా ఇంట్లోంచి పొమ్మన్నా."

"అన్నావక్కా."

"ఊళ్ళో చెబుతా. పాలకేంద్రం ముందే."

"చెప్పు," అంది పిన్ని. "మేం మాత్రం రాం."

మా పిల్ల ఏడ్చింది. పిన్ని అటు చూసింది. చెయ్యి చాచబోయి ఆగింది. లోపలికెళ్ళి రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చి గుమ్మం మీద పెట్టింది. మేం తాగాం. తిరుగు బస్సు టైమయిందని అత్తయ్య లేచింది. మేం వెళుతున్నామంటే పిన్ని ఊఁ అంది. అంతే.

మర్నాడు సాయంత్రం పాలు పోసే వేళ మేమిద్దరం పాలకేంద్రానికి వెళ్ళాం. చెప్పాల్సింది అత్తయ్యని చెప్పనివ్వకుండా నేనే చెప్పాను. గుళికల సంచి దిబ్బలో పెట్టింది నేను. గేదె ఆ నీళ్ళు తాగే చచ్చింది. పక్కింటామెకి ఏ పాపమూ తెలీదు. మధ్యలో ఆపలేదు.

అక్కడున్న వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోయినేడు అందరికంటే గట్టిగా మాట్లాడిన ఒకాయన క్యాను మూత పెడుతూ, "పోనీలేమ్మా, ఏడాదయింది. ఇప్పుడెందుకవన్నీ," అన్నాడు. ఇంకొకామె, "చిన్నపిల్ల, తెలీక చేసింది," అంది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. పిన్నిని రెండు నెలల పాటు అన్న ఊరు, నన్ను ఆ ఒక్క సాయంత్రంలో వదిలేసింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మా ఆయన మాత్రం వదల్లేదు. తప్పు చేసినందుకు కాదు, నలుగురిలో చెప్పినందుకు. "నా పరువు తీశావు," అని నెల రోజులు నాతో మాట్లాడలేదు. "మామయ్య పాతిపెట్టాడని నాతో అబద్ధమెందుకు చెప్పావు" అని అడుగుతాడేమో అనుకున్నాను. ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

పిన్ని కూతురికి తర్వాత జ్వరం తగ్గిందని, సాగర్ వెళ్ళొచ్చిన లారీ డ్రైవరెవరో చెబితే విన్నాం. నేను ఇంకోసారి వెళదామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "ఆమె రమ్మంటే పోవాలి. మన మనసు కుదుటపడటానికి మాటిమాటికీ పోగూడదు," అంది. ఆమె రమ్మనలేదు.

పాలకేంద్రం నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం మాత్రం నాకు బాగా గుర్తు. పెరట్లోకి రాగానే అత్తయ్య చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కొత్త గుంట దగ్గర మట్టికట్ట చూసింది. ఒకచోట జారి ఉంది. మబ్బు పట్టి ఉంది.

"పార తే. వానొచ్చేట్టుంది," అంది.

బిడ్డని ఉయ్యాల్లో వేసి పార తెచ్చాను. ఆమె మట్టి లాగి ఇస్తుంటే నేను కట్ట వేశాను. చీకటిపడే దాకా వేస్తూనే ఉన్నాం.